మొగ తెరుచుకునే వేళ: ఆటుపోట్లు, లాకుల లెక్కతో కోస్తా పడవ ప్రయాణం

లక్నవరం చెరువులో పడవను ఒడ్డున గుంజకు మూరెడు తాడుతో కట్టి ఇంటికి పోవచ్చు. తెల్లారి వచ్చి చూస్తే అక్కడే, అట్లే ఉంటుంది. అదే మూరెడు తాడుతో కాకినాడలో జట్టీకి కట్టి పోతే, ఆరు గంటల తర్వాత పడవ ఒక పక్కకు ఒరిగి తాడుకు వేలాడుతుంటుంది. లేదా తాడు తెగి ఉంటుంది. చెరువులో నీరు రోజుకు వేలితో కొలిచేంత తగ్గుతుంది. సముద్రం రోజుకు రెండుసార్లు నడుము లోతు ఎక్కి, రెండుసార్లు దిగుతుంది. ములుగు, భూపాలపల్లి, వరంగల్ వైపు నుంచి పడవ కొనడానికో, నడపడానికో, పని నేర్చుకోవడానికో కోస్తాకు పోయేవాళ్లకు ఈత వచ్చు, గెడ వేయడం వచ్చు, ఇంజన్ పట్టడమూ వచ్చు. రానిది ఈ లెక్క ఒక్కటే.

లెక్క మొదలుపెట్టే చోటు దగ్గరే చాలామంది తప్పుతారు. ఇన్ని కిలోమీటర్లు, ఇంత వేగం, ఉదయం ఇన్నింటికి బయల్దేరితే సాయంత్రం ఇన్నింటికి చేరతాం అనుకోవడం బస్సు ప్రయాణపు ఆలోచన. తీరంలో దారి పొడవునా నీరు ఉంటుంది కానీ, దారి చివర తలుపు ఉంటుంది. నది సముద్రంలో కలిసే మొగ ఒక తలుపు, కాలువలో పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే లాకు ఇంకో తలుపు. రెండూ తమ వేళకే తెరుచుకుంటాయి. నీరటి తూము ఎప్పుడు ఎత్తుతాడో తెలియకుండా నారు పోసే రైతు ఉండడు కదా; అలాగే తలుపు తెరుచుకునే వేళ తెలిశాకే, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చి బయల్దేరే గంట తేల్చాలి.

పంచాంగంలో దొరికే పోటు

నీరు ఎక్కడాన్ని పోటు అంటారు, దిగడాన్ని పాటు అంటారు. చంద్రుడు ఒక చోట నడినెత్తికి వచ్చి, మళ్లీ అదే చోటికి రావడానికి సుమారు 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. బంగాళాఖాతం తీరంలో ఆ వ్యవధిలో రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. అంటే ఒక నిండు పోటుకూ తర్వాతి నిండు పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు.

ఇక్కడ గోడ మీది పంచాంగం పనికొస్తుంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. భూమి 15 డిగ్రీలు తిరగడానికి గంట పడితే, 12 డిగ్రీలకు 48 నిమిషాలు. 48 నిమిషాలంటే సరిగ్గా రెండు ఘడియలు. కాబట్టి తిథికి రెండు ఘడియల చొప్పున పోటు ఆలస్యమవుతుంది. ఒక రేవులో అమావాస్య నాడు నిండు పోటు ఎన్నింటికో ఒక్కసారి తెలుసుకుంటే చాలు, పక్షంలో ఏ రోజుదైనా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమావాస్యకు ఉదయం 9 గంటలకు నిండు పోటు వచ్చే రేవు అనుకుంటే, ఏకాదశికి 22 ఘడియలు, అంటే 8 గంటల 48 నిమిషాలు కలపాలి: సాయంత్రం 5:48. అంతకు ముందుది తెల్లవారుజామున 5:23 ప్రాంతంలో.

అయితే ఇది ముతక లెక్క. సూర్యుడి లాగుడు కూడా కలిసి ఉంటుంది కాబట్టి, అష్టమికి అటూఇటూ ఉన్న రోజుల్లో గంట దాకా తేడా రావచ్చు. పడవ దిగవచ్చా లేదా అని ఇంట్లో కూర్చుని ఆలోచించడానికి తిథి చాలు. మొగ దాటే నిమిషం నిర్ణయించడానికి మాత్రం ఆ రేవు పోటు పట్టికే చూడాలి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఈ పట్టికలు ప్రచురిస్తుంది. ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) కూడా అలల ఎత్తు, గాలి, ప్రవాహాల ముందస్తు సమాచారం ఇస్తుంది. చిత్రమేమిటంటే ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో, సముద్రపు చార్టులు గీసే జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ఉన్నది డెహ్రాడూన్‌లో. సముద్రం కనబడని ఊళ్లలో కూర్చునే ఈ దేశం సముద్రాన్ని లెక్క కడుతోంది, కాబట్టి ఓరుగల్లులో కూర్చుని కట్టడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

వేళ ఎంత ముఖ్యమో ఎత్తు అంత ముఖ్యం. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు అన్నిటికన్నా పైకి, పాటు అన్నిటికన్నా కిందికి పోతాయి. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు రెండూ మందగిస్తాయి. విశాఖపట్నం దగ్గర పెద్ద పోటు రోజుల్లో ఎక్కిన నీటికీ దిగిన నీటికీ తేడా సుమారు 1.4 మీటర్లు, చిన్న పోటు రోజుల్లో అర మీటరుకు కొంచెం అటూఇటూ. చెన్నైకి పోతే ఇంకా తగ్గుతుంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో అదే తేడా 10 మీటర్ల దాకా ఉంటుంది, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. లాకుల ముచ్చట వచ్చినప్పుడు ఈ అంకె మళ్లీ అవసరమవుతుంది.

నీరు గంట గంటకూ ఒకే తీరున ఎక్కదు. మొత్తం తేడాను పన్నెండు వంతులు చేస్తే, మొదటి గంటలో 1 వంతు, రెండో గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదులో 2, ఆరో గంటలో 1 వంతు ఎక్కుతుంది. నడిమి రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. ప్రవాహం ఉరవడి ఎక్కువగా ఉండేదీ ఆ గంటల్లోనే. నది బాగా లోపలికి పోయిన కొద్దీ ఈ లెక్క సరిపోదు. అక్కడ నీరు త్వరగా ఎక్కి నింపాదిగా దిగుతుంది, వేళ కూడా మొగ కన్నా ఆలస్యం. నరసాపురం రేవుకు మొగ వేళ వాడితే తప్పు, విశాఖ వేళ వాడితే ఇంకా పెద్ద తప్పు.

మొగ దాటే లెక్క

తెలుగు తీరంలో నిజమైన తలుపు మొగే. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు అడ్డంగా పేరుస్తాయి. లోపల నదిలో పదేసి అడుగుల లోతు ఉండవచ్చు, బయట సముద్రమూ లోతే, మధ్యలో ఆ మేట మీద మాత్రం మోకాళ్ల లోతు. చెరువు మత్తడి గోడ నీళ్లలో మునిగి కనబడకుండా ఉన్నట్టు ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. ఇసుక ప్రతి వరదకూ చోటు మారుతుంది కాబట్టి ఏ మొగ లోతునూ కాగితంలో చదివి నమ్మకూడదు. పడవ నీటిలో మునిగే లోతు 1 మీటరు. ఉబ్బు అలల ఎత్తు 0.6 మీటరు ఉందనుకుంటే, అల పల్లంలోకి దిగినప్పుడు పడవ అందులో సగం, 0.3 మీటరు కిందికి పోతుంది. అడుగు కింద ఖాళీగా 0.5 మీటరు ఉంచాలి. మొత్తం 1.8 మీటర్ల నీరు కావాలి. చార్టులో మేట మీద లోతు 0.6 మీటరు. చార్టు లోతు అంటే దాదాపు అన్నిటికన్నా తక్కువ పాటు నాటి మట్టం నుంచి కొలిచినది. దాని మీద పోటు ఎత్తు కలుపుకోవాలి. కావలసింది 1.8, ఉన్నది 0.6, కాబట్టి పోటు కనీసం 1.2 మీటర్లు ఉండాలి.

అది విదియ అనుకుందాం. పాటు మట్టం 0.3 మీటరు, నిండు పోటు 1.5 మీటర్లు. తేడా 1.2 మీటర్లు, పన్నెండో వంతు 10 సెంటీమీటర్లు. గంటకోసారి మట్టం ఇట్లా ఎక్కుతుంది: 0.4, 0.6, 0.9, 1.2, 1.4, 1.5. కావలసిన 1.2 నాలుగో గంట చివర దొరికింది. అంటే నిండు పోటుకు రెండు గంటల ముందు తలుపు తెరుచుకుని, రెండు గంటల తర్వాత మూసుకుంటుంది.

కానీ ఆ నాలుగు గంటల్లో వాడుకోవలసింది మొదటి రెండే. కారణాలు రెండు. పోటు మీద ఇసుక తగిలితే పది నిమిషాల్లో నీరే లేపుతుంది. పాటు మీద తగిలితే నీరు దిగిపోతుంది, తర్వాతి పోటు దాకా అలలు పడవను ఇసుకకేసి బాదుతాయి. రెండోది ఇంకా ముఖ్యం: పాటు నీరు బయటికి ఉరుకుతూ లోపలికి వచ్చే అలలకు ఎదురు తగిలినప్పుడు అలలు పొట్టివై, నిటారుగా లేచి విరుగుతాయి. అదే గాలి, అదే ఉబ్బు, గంట తేడాలో మొగ మనిషి పోలిక పట్టలేనంతగా మారిపోతుంది.

నవమి నాడు అదే మొగలో నిండు పోటు 1.1, పాటు 0.7 ఉంటే? తలుపు ఆ రోజంతా తెరుచుకోదు. ఆ పడవకు అది మూసిన మొగే. మూడు నాలుగు రోజులు ఆగాలి, లేకపోతే బరువు దించి పడవను తేలిక చేయాలి. సరుకు దింపి పది సెంటీమీటర్లు సంపాదించడం మాటల్లో తేలిక. చేసి చూస్తే కూలీ, డీజిల్, సమయం కలిసి ఆగడమే చవక అని తేలుతుంది.

ఇప్పుడు వెనక్కి రావాలి. అమావాస్య పోటు ఉదయం 9 అయితే విదియకు నాలుగు ఘడియలు కలిపి 10:36. తలుపు 8:36 నుంచి 10:36 దాకా. కాకినాడ నుంచి దాని ఎదుటి హోప్ ఐలాండ్ చుట్టి దక్షిణానికి, గోదావరి మొగ ఉన్న అంతర్వేది వైపు పోవడం 60 నాటికల్ మైళ్లు అనుకుందాం. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు; గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని నాటు అంటారు. 6 నాట్ల పడవకు 10 గంటలు. గాలికి, ప్రవాహానికి ఒక గంట అదనం. ఉదయం 9 గంటలకు మొగ ముందు ఉండాలంటే ముందు రోజు రాత్రి 10కి కదలాలి. ఆ రాత్రి నిండు పోటు 10:11కు. కాకినాడలో కాలువలోంచి బయటపడడానికీ నీరు నిండుగానే దొరికింది.

ఇది అదృష్టం కాదు. పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు ఉంటాయి కాబట్టి, 11–12 గంటల ప్రయాణానికి రెండు చివరల తలుపులూ తెరిచి దొరుకుతాయి. చిక్కు 6 గంటల ప్రయాణంతో. పోటు మీద బయల్దేరితే సరిగ్గా పాటు మీద చేరతారు. దూరం తక్కువ కాబట్టి సులువు అనుకునే ప్రయాణమే ఇట్లా ఇరికిస్తుంది. మార్గం ఒకటే, లోతైన చోట లంగరు వేసి ఆగడం. ఆ ఆగే గంటలను కూడా ముందే కాగితం మీద రాసుకోవాలి.

ముందు చేరడంలో నష్టం లేదు. 6.5 నాట్లు నడిస్తే 7:14కే చేరి బయట వేచి ఉండవచ్చు. ఆలస్యమే ప్రమాదం. వేగం 5 నాట్లకు పడిపోతే 10 గంటలకు చేరతారు, ఇంకా 36 నిమిషాలు చేతిలో ఉంటాయి. 4.5 నాట్లయితే 11:20; తలుపులో మంచి సగం అయిపోయింది, పాటు మొదలైంది. అందుకే సగం దారిలో ఒక గీత గీసుకోవాలి: తెల్లవారుజామున 4 గంటలకు 30 మైళ్లు దాటకపోతే ఈ ఉదయం మొగ మనది కాదు. అప్పుడు వెనక్కి తిరగాలా, బయట లోతులో ఆగి మర్నాడు తదియ పోటు, 11:24 దాకా చూడాలా అనేది రేవులో ఉండగానే తేల్చుకుని ఉండాలి. నిద్రలేక, తడిసి, ఒడ్డు కనబడుతున్నప్పుడు తీసుకునే నిర్ణయం దాదాపు ఎప్పుడూ "పోదాం" అనే ఉంటుంది. రాత్రి 11కు వచ్చే పోటు లెక్కలో ఉన్నా, తెలియని మొగను చీకట్లో దాటడానికి అది లేనట్టే.

డీజిల్ మూడు భాగాలు: పోవడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి, కదలకుండా ఒకటి. గంటకు 6 లీటర్లు తాగే ఇంజన్‌కు 11 గంటలకు 66 లీటర్లు, కాబట్టి ట్యాంకులో 200. ఇంకో చిన్న సంగతి చెరువుల్లో నడిపినవాళ్లకు తట్టదు. నెలల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, నెమ్మది నీటిలో కదలదు. మొగ అలల్లో పడవ ఊగగానే అంతా లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంజన్ ఆగిపోకూడని ఐదు నిమిషాల్లోనే ఆగిపోవడం వెనక చాలాసార్లు కారణం ఇదే. బయల్దేరే ముందు ట్యాంకు అడుగు నీరు, మడ్డి వదిలించి, కొత్త ఫిల్టర్ బిగించి, ఇంకొకటి చేతికి అందేచోట పెట్టుకోవాలి.

మొగ ముందు చేరాక పదిహేను ఇరవై నిమిషాలు ఊరికే చూడాలి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, గుంపుకూ గుంపుకూ మధ్య కాస్త తెరిపి ఉంటుంది. ఊరి పడవ ఏదైనా లోపలికి పోతుంటే దాని జాడ పట్టుకోవడం కన్నా మంచి చార్టు లేదు. లైఫ్ జాకెట్లు వేసుకుని, మూతలు బిగించి, బరువు వెనక్కి జరపాలి. ముక్కు బరువైతే అల దిగేటప్పుడు పడవ అడ్డం తిరుగుతుంది. ఒక అల వీపు మీద, దాని వేగంతోనే పోవాలి. దాన్ని దాటి ముందుకు దూకకూడదు, వెనకదానికి అందకూడదు. మధ్యలోకి వచ్చాక వెనక్కి తిప్పడం లేదు.

ఈ తీరం వెంబడి పోటు ప్రవాహం పెద్దగా ఉండదు. రుతువును బట్టి మారే తీర ప్రవాహమే వేగాన్ని మారుస్తుంది. మాఘఫాల్గుణాల నుంచి వేసవి దాకా అది ఈశాన్యానికి, ఆశ్వయుజం తర్వాత అక్టోబరు–డిసెంబరు నెలల్లో నైరుతికి సాగుతుంది. ఒక నాటు ఎదురు ప్రవాహం ఉంటే, పైన వేసిన 10 గంటల లెక్క 12 గంటలవుతుంది. నవంబరులో అంతర్వేది వైపు పోవడానికి ప్రవాహం తోడు, కానీ అదే తుఫానుల నెల. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫానును ఆ తీరం మరవదు. తుఫాను ఉప్పెన ఏ పోటు పట్టికలోనూ ఉండదు. వాతావరణ పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు సెంటీమీటరు లేస్తుంది. అసలు ఎత్తు గాలి నెట్టే నీటిది. ఓడరేవులో హెచ్చరిక జెండా ఎగిరిందంటే ఈ లెక్కలన్నీ మడిచి పెట్టేయాలి.

లాకు

తుమ్మ చెక్క తలుపైనా ఇనుప తలుపైనా లాకు పని ఒక్కటే. రెండు మట్టాల మధ్య ఒక తొట్టి, అటు జత తలుపులు, ఇటు జత తలుపులు. రెండూ ఒకేసారి తెరవరు. తొట్టిలోకి తూముల గుండా పైనీరు వదిలితే పడవ లేస్తుంది, కిందికి వదిలితే దిగుతుంది. పంపు అక్కరలేదు, నీటి బరువే అంతా చేస్తుంది.

తలుపులు నీరు ఎక్కువున్న వైపుకు ముక్కు పెట్టి బాణం మొన ఆకారంలో కలుస్తాయి. నీరెంత నెడితే అంత బిగుస్తాయి. 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు ఉన్న తలుపుకు అటూఇటూ 10 సెంటీమీటర్ల తేడా ఉన్నా దాని మీద 900 కిలోల బరువు ఉన్నట్టే. అందుకే మట్టం సరిగ్గా కలిసేదాకా ఎంతమంది తోసినా కదలదు, కలిశాక ఇద్దరు తోస్తే తెరుచుకుంటుంది. తొందరపెట్టి పడవ ముక్కుతో నెట్టడం అనేది తలుపుకూ పడవకూ చేటు.

మన డెల్టాలోనూ భావ్‌నగర్‌లోనూ లాకు అనే మాట ఒకటే, పని వేరు. గోదావరి డెల్టాలో తేడా మీటరున్నరే కాబట్టి సముద్రపు నీటిని ఆపి ఉంచే అవసరం లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చిన కాలువల్లో లాకులు మెట్ల వంటివి: పై కాలువ నుంచి కింది కాలువకు పడవను దించేవి. భావ్‌నగర్‌లో పాటు వేళ రేవు అడుగు బురద తేలుతుంది. అక్కడ లాకు నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, ఓడలు పోటు మీద మాత్రమే రాకపోకలు చేస్తాయి. ముంబై ఇందిరా డాక్, కోల్‌కతా ఖిదిర్‌పూర్, 1977 నుంచి నడుస్తున్న హాల్దియా ఈ కోవవే. ఇక్కడ మొన తలుపులకు ఒక ఇబ్బంది ఉంది. పెద్ద పోటు నాడు బయటి నీరు లోపలి నీటిని దాటి లేస్తే, లోపలి వైపు బిగుసుకునేలా కట్టిన తలుపులను అది బయటి నుంచి తోసేస్తుంది. అందుకే పోటు లాకులకు ఎదురెదురు ముఖాలతో రెండు జతలు కావాలి, లేదా పక్కకు జరిగే ఒంటి తలుపు కావాలి.

కోల్‌కతా దగ్గరి హూగ్లీ నదిలో పైకి పోయే ఓడకు లెక్క ఇంకో రకం. పోటు అల నది పైకి నడుస్తుంటుంది, ఓడ దాని వెంటే నడుస్తుంది. ఒక్కో మేట దగ్గరికి ఓడ చేరేసరికి అక్కడ నీరు నిండుతుండాలి. చివర లాకు ముందు చేరే వేళకు లోపలి మట్టం, బయటి మట్టం దగ్గరపడి ఉండాలి. ఒక మేట దగ్గర అరగంట పోతే చివర లాకు వేళ తప్పుతుంది, తర్వాతి పోటు దాకా నదిలో లంగరే. ఇంకో మెలిక: ఉప్పునీటి నుంచి పూర్తి మంచినీటిలోకి వస్తే పడవ రెండున్నర శాతం ఎక్కువ నీటిని తోయాలి. 8 మీటర్లు మునిగే ఓడ మరో 20 సెంటీమీటర్లకు దగ్గరగా దిగుతుంది. చిన్న పడవకు ఇది రెండు సెంటీమీటర్లు, పట్టించుకోనక్కరలేదు. కానీ తిరగేసి చూస్తే పాఖాల చెరువులో గీసిన నీటి గీత సముద్రంలో కొద్దిగా పైకి తేలి కనబడుతుంది. ఇంకా బరువు పడుతుందని మోసపోకూడదు.

లాకులో తప్పులు జరిగేది దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు తాడు వదులవుతుంది, లాగి పట్టుకుంటే సరి. దిగేటప్పుడు తాడును గుంజకు ముడి వేస్తే పడవ గోడకు వేలాడుతుంది, ఒక్క నిమిషంలో ఒరిగిపోతుంది. తాడును గుంజ చుట్టూ తిప్పి, చివర చేతిలో పట్టుకుని వదులుతూ పోవాలి. కత్తి పక్కన ఉండాలి. పై తలుపు కింద గడప ఒకటి ఉంటుంది, తొట్టి నిండుగా ఉన్నప్పుడు కనబడదు. పడవ వెనక భాగం దాని మీద ఉండిపోతే నీరు దిగే కొద్దీ చుక్కాని గడపకు తగులుకుని ముక్కు నీళ్లలోకి దిగబడుతుంది. పై తలుపు నుంచి కనీసం రెండు మీటర్లు ముందుకు నిలపాలి. ఎక్కేటప్పుడు అదే పై తలుపుకు దగ్గరగా ఉంటే తూముల నీటి ఉరవడి పడవను వెనక్కీ ముందుకూ కొడుతుంది. పక్కలకు పాత టైర్లు మూడు చాలవు, ఐదారు వేలాడదీయాలి.

30 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు తొట్టిలో రెండున్నర మీటర్ల తేడా నింపడానికి 450 ఘనమీటర్లు, అంటే నాలుగున్నర లక్షల లీటర్లు. ఒక ఎకరం పొలంలో 11 సెంటీమీటర్ల నీరు నిలబెట్టినంత. ఒక్క పడవ దాటడానికి ఒక మడి తడి. కాలువ లాకుల దగ్గర లస్కర్లు ఒక్క పడవ కోసం తలుపు తీయక, నాలుగు పోగయ్యేదాకా ఆపింది సోమరితనంతో కాదు. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేస్తే దారే ఉండదు. డెల్టా లాకుల్లో చాలావాటికి ఇప్పుడు పడవల అలవాటు పోయింది. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువనూ, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరినీ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినా, పోయేముందు ఏ లాకు పనిచేస్తోందో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోవాల్సిందే. వంతెనలు కూడా చూసుకోవాలి. నీరు ఎక్కితే అడుగు కింద ఖాళీ పెరుగుతుంది, వంతెన కింద ఖాళీ అంతే తగ్గుతుంది. తెరచాప కొయ్య ఎత్తుగా ఉన్న పడవకు మొగ ఒక వేళ అడిగితే, వంతెన దానికి ఎదురు వేళ అడుగుతుంది.

పై నుంచి వచ్చే నీరు

ఉత్తర తెలంగాణకు ఈ లెక్కలతో పాత బంధమే ఉంది. ఆర్థర్ కాటన్ 19వ శతాబ్దం నడుమ గోదావరి, ప్రాణహితల మీదుగా ఇప్పటి మహారాష్ట్రలోని బేరార్ ప్రాంతపు పత్తిని పడవల్లో సముద్రానికి దించాలని తలచాడు. రాళ్లు అడ్డుపడే మూడు చోట్ల, దుమ్ముగూడెం, భూపాలపల్లి జిల్లా ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర, ఆనకట్టలూ లాకులూ అనుకున్నారు. 1867లో రైలు నాగపూర్ చేరింది, 1871లో పనులు ఆపేశారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట మిగిలింది.

అప్పటి పథకం పోయినా నీరు మాత్రం అదే దారిన దిగుతోంది. పోటు పట్టికలు ఆకాశాన్ని చూసి రాసినవి. నదిలో వరద వాటికి తెలియదు. గోదావరి వరద మీద ఉంటే మొగలో మట్టం ఎక్కుతున్నా ప్రవాహం లోపలికి తిరగదు, బయటికే పోతుంటుంది. పోటు వేళ కూడా పాటు అలలే ఎదురవుతాయి. పైన వేసుకున్న రెండు గంటల తలుపు అరగంటకు కుంగవచ్చు, అసలు లేకుండానూ పోవచ్చు. శ్రావణ భాద్రపదాల్లో డెల్టా మొగలకు పోయే పడవ చూడాల్సిన మొదటి అంకె కాకినాడ పోటు కాదు, కాళేశ్వరం, పేరూరు, ఏటూరునాగారం, దుమ్ముగూడెం దగ్గర కేంద్ర జల సంఘం చెప్పే మట్టాలు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో అక్కడ 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదైంది. మొదటి హెచ్చరిక దాటిన వారంలో మొగ ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది. అంటే అంతర్వేది మొగలో రాబోయేది ముందుగా కళ్లతో చూసేది మంగపేట, ఏటూరునాగారం రేవుల్లో ఉన్నవాళ్లే.

వరద గోదావరిలో లెక్క తప్పితే ఏమవుతుందో వరంగల్‌కు వేరే చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోల్తా పడ్డ పడవలో డెబ్బై మందికి పైగా ఉన్నారు. అందులో కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు. అక్కడ ఆటుపోట్లు లేవు, మొగ లేదు. ఇరుకైన లోయలో వరద సుడి ఒక్కటే ఉంది, ఆ ఇరుకు కూడా ఒక తలుపే. నీరు తగ్గేదాకా అది మూసి ఉన్నట్టు.

వరద తీశాక ఇంకో జాగ్రత్త. ఆ నీరు తెచ్చిన ఇసుక మేటను పాత చోటు నుంచి కదిపి ఉంటుంది. నిరుడు నడిచిన దారి జీపీఎస్‌లో గీతగా మిగిలి ఉన్నా, దాని కింద ఇప్పుడు ఇసుక ఉండవచ్చు. ఆశ్వయుజంలో మొదటిసారి మొగ దాటే పడవ విదియ, తదియ పోటు చూసుకుని, ఖాళీగా, ఊరి మనిషిని ఎక్కించుకుని, ముక్కు దగ్గర ఒకరు గెడ దించి లోతు కేకేస్తుండగా, నడక వేగంతో పోవాలి. గెడ మీద మూర మూరకూ రంగు గుర్తులు పెట్టుకుంటే లోతు పలకడానికి క్షణం పట్టదు.